కారని కప్పు కింద మరక

ఆరేళ్ళుగా నన్నొక సందేహం వదల్లేదు. ఐవర్ గిల్‌క్రిస్ట్ శవపేటిక దగ్గర ఆ రోజు ప్రార్థన చదివింది నేనే. తన ఇంటిబండిలో పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు, గుండె ఆగిందన్నారు. మంచివాడికి దేవుడు మెత్తటి చావిచ్చాడని పాస్టరుగారన్నారు. అందరితో పాటు నేనూ ఆమెన్ అన్నాను. కానీ పేటికలో ఐవర్ బుగ్గలు మంచులో ఆడుకుని వచ్చిన పిల్లాడి బుగ్గల్లా ఎర్రగా ఉన్నాయి. చనిపోయినవాడి ముఖం అలా ఉంటుందా? అడిగితే దేవుడి దయను శంకించినట్టవుతుందేమోనని ఊరుకున్నాను.

ఆ సందేహం తీర్చినవాడు మా రాన్‌ఫర్లీ ఊళ్ళోనే ఉండే రెన్నీ. ఒకప్పుడు స్కూలు బస్సుల మెకానిక్కు, ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివు. ఆయన సహాయకురాలు హూరియా పరాటా ఇరవై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసిన మనిషి. రెన్నీ చెప్పిన ప్రతి మాటా పుస్తకంలో రాసుకుంటుంది. రాసుకుంటూనే ఆయన్ని దెప్పుతుంది. ఇదంతా నాకు ఆమె చెప్పిందే.

మా వైపు చలికాలం మొదలయ్యే మే నెలలో ఒక ఉదయం, గడ్డి మీద మంచు ఇంకా కరగకముందే, డెస్మండ్ హేగ్ వాళ్ళ ఆఫీసులోకి వచ్చాడు. నలభై ఏళ్ళు గొర్రెల ఉన్ని కత్తిరించిన చేతులు, టోపీని తిప్పుతూనే ఉన్నాయి.

"నా భార్యని నేనే చంపబోయానంటున్నారు" అన్నాడు. "నాకూ అదే అనిపిస్తోంది."

"కూర్చోండి. ఎవరంటున్నారు?"

"మా వదిన నెట్టా. లోర్నాని ఆస్పత్రి నుంచి తిన్నగా వాళ్ళింటికి తీసుకుపోయింది. నన్ను గుమ్మం ఎక్కనివ్వడం లేదు. లోర్నా కూడా... నా వంక చూడటం లేదండీ."

సంగతి ఇది. రిటైరయ్యాక దేశమంతా తిరగాలని దంపతులు మొదటిసారి ఒక పాత మోటర్‌హోమ్, అంటే ఇంటిబండి, కొన్నారు. ఐవర్‌ది. అమ్మింది ఆయన మేనల్లుడు గ్రెగర్. మొదటి ప్రయాణంలోనే, చెరువు ఒడ్డున, డెస్మండ్ తెల్లారకముందే లేచి చేపలకు వెళ్ళాడు. లోర్నాకి చలేస్తుందని గ్యాస్ హీటరు వెలిగించి, తలుపు గట్టిగా వేసి మరీ వెళ్ళాడు. ఎనిమిదింటికి వచ్చేసరికి ఆమెకి స్పృహ లేదు.

"ముఖం ఎలా ఉంది?" అన్నాడు రెన్నీ.

"అదే విచిత్రం. బుగ్గలు ఎర్రగా, ఆరోగ్యంగా ఉన్నాయి. ఎంత లేపినా లేవదు."

హూరియా పెన్ను ఆగింది. ఐవర్ బుగ్గల సంగతి ఆదివారం చర్చి టీ దగ్గర నేను ఆమెతో ఒకసారి అన్నాను. ఆమె రెన్నీ వైపు చూసింది. రెన్నీ తల ఊపాడు.

"బండి కొనేముందు ఏమేం చూశారు?"

"టైర్లు, తుప్పు, ఇంజను. పాత బండికి తడే శత్రువని అందరూ చెప్పారు, అందుకని తడి కూడా చూశాను. పైకప్పు కిటికీ కింద చెక్క మీద పెద్ద మరక ఉంది. కారుతుందా అని గ్రెగర్‌ని అడిగాను. కొంచెం కారుతుందన్నాడు, ధర తగ్గించాడు. ఇంటికి తెచ్చిన రోజే కిటికీ చుట్టూ సీలెంటు జిగురు పూసి, ఇక తెరుచుకోకుండా బిగించేశాను."

"అది కూడా మీ వదిన లెక్కలో వేసిందా?"

"అదే మొదట వేసింది! కిటికీ మూశాడు, మంట పెట్టాడు, తలుపేసి పోయాడు అంటోంది. అవన్నీ చేసింది నిజమే కదండీ."

ఐవర్ ఇంటికి కారులో వెళ్తుంటే డిక్కీలో ఏవో దడదడమని దొర్లాయి.

"ఐవర్ దగ్గర అరువు తెచ్చుకున్న, చక్రాల కింద పెట్టే చెక్కదిమ్మలేనా?" అంది హూరియా. "తొమ్మిదేళ్ళయింది. దొంగల్ని పట్టే మనిషి డిక్కీలో వేరేవాళ్ళ సొత్తు."

"ఇద్దామనుకునేలోపు ఆయనే పోయాడు."

"ఎఫీ బతికే ఉందిగా."

"ఏ మొహం పెట్టుకుని ఇవ్వను? నువ్వు రోడ్డు చూడు."

"బండి తోలేది మీరు."

ఐవర్ భార్య ఎఫీకి డెబ్బై ఎనిమిదేళ్ళు. గ్రెగర్ ఆమెతోనే ఉంటాడు. ఆమె టీ పోసింది. కెటిలు మీద ఆకుపచ్చ ఊలు తొడుగు, అంచున రెండు వరసల ఎర్ర కుట్టు. "మా ఇంట్లో చలికి నోరు తెరిచినవన్నీ నేను కుట్టి మూసేస్తా" అని నవ్విందామె. "ఐవర్‌కి పాదాలు ఊరికే చల్లబడేవి."

రెన్నీ గ్రెగర్ వైపు తిరిగాడు. "మీ మావయ్య పోయాక బండి వాడావా?"

"వేటకి వెళ్ళినప్పుడల్లా. ఆరు శీతాకాలాలు."

"హీటరో?"

"బాగానే పనిచేసేది."

"పైకప్పు?"

గ్రెగర్ టీ కప్పు కింద పెట్టాడు. "చెప్పాగా. కారుతుంది."

ఆ సాయంత్రం డెస్మండ్ పెరట్లో రెన్నీ సీలెంటంతా గీకించి, కిటికీని మామూలుగా మూసి, హూరియాని పైపు పట్టుకోమన్నాడు. ఆమె గంటసేపు కప్పు మీద నీళ్ళు కొట్టి తడిసి ముద్దయింది. లోపల ఒక్క చుక్క పడలేదు. రెన్నీ మోకాళ్ళ మీద కూర్చుని, హీటరు పక్కన తివాచీ ఎత్తి చూశాడు. తర్వాత ఏదో పీకి జేబులో పెట్టుకున్నాడు.

"ఏమిటది?"

"రేపు అందరినీ ఇక్కడికే పిలువు. ఎఫీని మటుకు..." అని ఆగిపోయాడు. "పిలవకపోతే ఎలా?"

మర్నాడు పదింటికి అందరూ పెరట్లో బండి చుట్టూ నిలబడ్డారు. లోర్నా దుప్పటి కప్పుకుని అక్క నీడలో ఉంది.

"త్వరగా కానివ్వండి" అంది నెట్టా. "దీన్ని వీడి ఎదురుగా ఎక్కువసేపు ఉంచను."

"డెస్మండ్ మూసిన కిటికీతో మొదలుపెడదాం" అన్నాడు రెన్నీ. "ఈ కప్పు కారదు. నిన్న గంటసేపు నీళ్ళు కొట్టి చూశాం. మరి మరక ఎక్కడిది? వానలోనూ మంచులోనూ కిటికీ తెరిచే ఉంచితే పడిన మరక అది. మన శీతాకాలంలో నెత్తి మీద కిటికీ తెరుచుకుని ఎవరు పడుకుంటారు, గ్రెగర్?"

గ్రెగర్ నేల చూస్తున్నాడు.

"మూస్తే చస్తానని తెలిసినవాడు పడుకుంటాడు. హీటరు కాలాలంటే గాలి కావాలి. దానికోసమే బండి నేలలో మూడు రంధ్రాలు పెడతారు. వాటిని ఎవరో మూశారు. గాలి చాలక గ్యాసు సగమే కాలి, వాసన లేని విషం పుట్టింది. దానితో పోయినవాడి బుగ్గలు ఎర్రగా ఉంటాయి. లోర్నాకి అలాగే ఉన్నాయి. ఆరేళ్ళ కింద ఐవర్‌కీ అలాగే ఉన్నాయి."

రెన్నీ గ్రెగర్ ఎదురుగా వచ్చాడు.

"ఐవర్ పోయాక బండి శుభ్రం చేస్తూ నువ్వు తివాచీ ఎత్తావు. చూశావు. చూసి ఎవరికీ చెప్పలేదు, రంధ్రాలూ తెరవలేదు. పై కిటికీ తెరుచుకుని బతికావు. డెస్మండ్ అడిగితే కారుతుందన్నావు."

"ఆయన బిగించేస్తాడనుకోలేదు!" అని అరిచాడు గ్రెగర్.

"కారేదాన్ని ఎవడైనా ఏం చేస్తాడు నాయనా?"

నెట్టా గ్రెగర్ మీదికి వెళ్ళబోయింది. హూరియా పట్టుకుంది. లోర్నా మటుకు మొదటిసారి భర్త వైపు చూసింది.

"రంధ్రాలు తెరిచేస్తే పోయేదానికి ఎందుకు తెరవలేదు?" అంది నెట్టా. "ఏం, చేతులు పడిపోయాయా?"

గ్రెగర్ ఎఫీ వంక చూశాడు. రెన్నీ చెయ్యి జేబులోనే ఉంది.

"దేనితో మూశారు?" అంది ఎఫీ, నెమ్మదిగా.

"అత్తయ్యా, ఇంటికి పోదాం పద" అన్నాడు గ్రెగర్.

"నేనడిగింది ఆయన్ని."

రెన్నీ తర్వాతెప్పుడో నన్నడిగాడు, అప్పుడు అబద్ధం చెప్పి ఉంటే పాపమా అని. నాకు ఇప్పటికీ తెలీదు. ఆయన అబద్ధం చెప్పలేదు. చెయ్యి బయటికి తీశాడు. అరచేతిలో గుండ్రటి ఆకుపచ్చ ఊలు ముక్క, అంచున రెండు వరసల ఎర్ర కుట్టు.

ఎఫీ దాన్ని తీసుకుని, కుట్టు మీద వేలు పెట్టి చుట్టూ తిప్పింది. ఒకసారి. మళ్ళీ ఒకసారి.

"ఆయన బయల్దేరే ముందు రోజు కుట్టాను" అంది. "చెప్పలేదు. పాదాలు వెచ్చగా ఉంటే ఆయనే కనిపెడతాడులే అనుకున్నా." గ్రెగర్ వైపు తిరిగింది. "ఆరేళ్ళు నా కోసమా?"

"తీసేస్తే నీ కంటపడతాయేమో, నీకు తెలిస్తే బతకవనుకున్నాను."

"నన్ను బతికించడానికి ఈ పిల్లని చంపబోయావట్రా?"

గ్రెగర్ ముఖం చేతుల్లో దాచుకున్నాడు. "పోలీసులకి నేనే చెప్తాను" అన్నాడు.

లోర్నా అక్క దగ్గర్నుంచి కదిలింది. డెస్మండ్ చేతులు పట్టుకుంది. "నెట్టా, నా సంచి పంపించు" అంది, వెనక్కి చూడకుండానే.

అంతలో ఎఫీ బండి మెట్టెక్కింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి మోకాళ్ళ మీద కూర్చుని తివాచీ లాగుతోంది. పెరడు వాలుగా ఉంది. ఆమె లాగినప్పుడల్లా పాత బండి కిర్రుమని ఊగుతోంది.

రెన్నీ కారు దగ్గరికి వెళ్ళి డిక్కీ తెరిచాడు. రెండు చెక్కదిమ్మలు తెచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. వాటి మీద కాల్చి రాసిన ఐవర్ పేరు.

"తొమ్మిదేళ్ళ కింద తీసుకున్నానమ్మా. ఆయనకి ఇవ్వలేకపోయాను."

ఎఫీ కళ్ళు తుడుచుకుని ఆ పేరు తడిమింది.

"చక్రాల కింద పెట్టు బాబూ, కదలకుండా" అంది. "ఇంకా రెండు రంధ్రాలు తెరవాలి."