కాటుక గొంతు

మిక్సీ కింద నాలుగు మడతల తువ్వాలు పరిచి, మూత మీద అరచేయి అదిమిపట్టి కొబ్బరి పచ్చడి తిప్పింది కృష్ణవేణి. పదిహేడేళ్ల కిందట ఈ దేశం వచ్చిన కొత్తలో, పాపటోయిటోయిలో అద్దె ఫ్లాట్‌లో ఉన్నప్పుడు, పొద్దున్నే ఆ మోతకి పై ఫ్లాట్ ఆవిడ వచ్చి తలుపు కొట్టింది. ఆ రోజు నుంచి వాళ్ల ఇంట్లో తువ్వాలు లేకుండా మిక్సీ తిరగలేదు. ఇప్పుడు పాపకూరలో సొంత ఇల్లు, చుట్టూ కంచె ఉన్నాయి. మిక్సీ రెండుసార్లు మారింది, తువ్వాలు అలవాటు మాత్రం పోలేదు. చప్పుడంటే భర్త జనార్ధనరావుకి భయం. భయమంటే ఒప్పుకోడు, మర్యాద అంటాడు.

కుడిచేతికి కట్టు ఉండటంతో ఎడంచేత్తో స్పూన్ పట్టుకుని ఇడ్లీ తింటున్నాడు ఆయన. కట్టు కింద ఏడు కుట్లున్నాయి.

“సాయంత్రం ఆ కుక్కల ట్రైనర్ వస్తుందిగా. కాలర్ సంగతి ఎత్తకు,” అన్నాడు.

“అడిగితేనండీ?”

“అడిగితే నేను చెబుతాను. నువ్వు టీ ఇవ్వు చాలు. ఇలాంటి కాలర్లు వాడబోమని, కుక్కనిచ్చిన సంస్థవాళ్లకి సంతకం పెట్టి మరీ తెచ్చుకున్నాం. బయటపడితే పరువు పోతుంది. ఎలాగూ శనివారం పదింటికి వెట్ డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ ఉంది. ప్రణీత ముచ్చట తీరుతుందని ఈవిణ్ణి రానిస్తున్నాను, అంతే.”

ఆ అపాయింట్‌మెంట్ దేనికో ఇంట్లో ఎవరూ పేరు పెట్టి అనడం లేదు. ఒక ఇంజెక్షన్. శనివారం మధ్యాహ్నానికి వాళ్ల కుక్క కాటుక ఉండదు. ఆ దిగులుతో కృష్ణవేణి ఇడ్లీ పళ్లెం పక్కన పెట్టేసింది. కుక్క కోసం కొంత, కూతురి కోసం ఇంకొంత. పదహారేళ్ల ప్రణీత ఇంట్లో మనసు విప్పి మాట్లాడేది కాటుకతోనే. అది పోతే ఆ పిల్ల ఇంట్లో ఉన్నా లేనట్టే.

కాటుక రెండేళ్ల కిందట వచ్చింది. హంటవే జాతి కలిసిన నల్ల కుక్క. కొండల మీద వందల గొర్రెల్ని వెనకనుంచి అరుస్తూ తోలే జాతి అది, గొంతే దాని పనిముట్టు. గొర్రెల్ని చూసి బెదిరిపోతోందని ఫామ్‌వాళ్లు వదిలించుకుంటే, దిక్కులేని కుక్కల్ని సాకే సంస్థ తీసుకుని వీళ్లకి పెంపకానికిచ్చింది. అమ్మమ్మ ఫొటో చూసి కళ్లకి ఆ నల్లటిదేమిటని అడిగిన ప్రణీతకి ‘కాటుక’ అన్న మాట భలే నచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగి, తెలుగు అర్థమవుతున్నా ఇంగ్లీషులోనే జవాబిచ్చే పిల్ల కుక్కకి మాత్రం తెలుగు పేరే పెట్టింది.

వచ్చిన కొత్తలో కాటుక తెగ మొరిగేది. పోస్ట్ వేసే అతన్ని చూసి, విమానాన్ని చూసి, సాయంత్రం ఆరింటికి జనార్ధనరావు కారు చప్పుడు విని అన్నిటికంటే ఎక్కువగా. ఒకరోజు పక్కింటివాళ్లు లెటర్‌బాక్స్‌లో చీటీ పెట్టారు, ఎంతో మర్యాదగానే. ఆ చీటీ పట్టుకుని ఆయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తర్వాతి వారం ఆన్‌లైన్‌లో కాలర్ వచ్చింది. మొరిగితే బీప్‌మంటుంది, అంతేనని కూతురితో చెప్పాడు.

కుక్క మెడకి పెట్టేముందు, ఎవరూ లేనప్పుడు కృష్ణవేణి దాన్ని తన గొంతుకి ఆనించుకుని గట్టిగా దగ్గింది. కళ్లవెంట నీళ్లు వచ్చేశాయి. బట్టలుతికే గదిలో కాసేపు కింద కూర్చుండిపోయింది. లేచి, ఆ కాలర్ తీసుకెళ్లి కాటుకకి కట్టింది. పద్నాలుగు నెలలు ప్రతి ఉదయం తన చేత్తోనే కట్టింది. ఇల్లు సద్దుమణిగింది కదా అని సర్దిచెప్పుకుంది.

ఒకసారి ఊళ్లోనే ఉన్న శాండ్రింగ్‌హామ్ నుంచి స్నేహితులు భోజనానికొచ్చి, ఇంత బుద్ధిమంతురాలైన కుక్కని చూడలేదన్నారు. జనార్ధనరావు పొంగిపోయి, “మా కాటుకకి నోట్లో నాలుక లేదండీ. అచ్చం మా ఆవిడే,” అన్నాడు. అందరితో పాటు కృష్ణవేణీ నవ్వింది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడకి దొరికిన పెద్ద మెప్పు అదే మరి.

మొన్న మంగళవారం సాయంత్రం కాలర్ మీద లైటు వెలిగి ఆరుతోంటే, చార్జింగ్ పెడదామని ఆయన చెయ్యి చాచాడు. కాటుక చప్పుడన్నది చేయకుండా కరిచేసింది.

ఈ రోజు సాయంత్రం చెప్పినట్టే వచ్చిన ట్రైనర్ పేరు హెదర్. స్కూల్ స్నేహితురాలి ద్వారా ప్రణీత వెతికి పట్టుకుంది. యాభై దాటిన మనిషి, మోకాళ్ల దాకా గమ్‌బూట్లు, నడుముకి ఉడికించిన చికెన్ ముక్కల సంచీ. కొట్టకుండా, బెదిరించకుండా, నొప్పి పెట్టకుండా నేర్పడమే తన పద్ధతి అని గుమ్మంలోనే చెప్పింది. లోపలికి రాకుండా సన్నటి వానలో పెరట్లోకి వెళ్లి, కాటుకకి దూరంగా తడిగడ్డి మీద పక్కకి తిరిగి కూర్చుంది. పిలవలేదు, చెయ్యి చాచలేదు. అప్పుడప్పుడు ఒక ముక్క విసురుతూ ఊరుకుంది. అరగంటకి కాటుక రెండడుగులు ముందుకేసి, ముక్క అందుకుని వెనక్కి వెళ్లిపోయింది. తోక కాళ్ల మధ్యనే ఉంది.

తర్వాత డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని హెదర్ నోట్‌బుక్ తెరిచింది. “కరిచేముందు గుర్రుమందా?”

“లేదు,” అన్నాడు జనార్ధనరావు. “ఎప్పుడూ గుర్రుమనదు. ఆ విషయంలో చాలా మంచి కుక్క.”

హెదర్ రాయడం ఆపింది. ఇక్కడివాళ్లందరికీ జనార్ధనరావు ‘జాన్’. “గుర్రుమనడం చెడ్డపని కాదు జాన్. భయంగా ఉంది, దగ్గరికి రాకు అని చెప్పడం అది. అలా చెప్పడం మానేసిన కుక్కకి ఇక పళ్లే మిగులుతాయి. ఇది ఎందుకు మానేసిందో నాకు తెలియాలి. తెలియకపోతే ఏం చేయాలో నేను చెప్పలేను. శనివారం అపాయింట్‌మెంట్ వద్దని కూడా అనలేను.”

“మాకూ తెలియదు. మొదట్నుంచీ అంతే,” అన్నాడాయన.

హెదర్ నోట్‌బుక్ మూయబోయింది. ప్రణీత తల వంచుకుని గోళ్లు కొరుక్కుంటోంది. కృష్ణవేణి టీ కప్పులు పెట్టి, ట్రే పట్టుకుని అక్కడే నిలబడింది. తనకి అప్పజెప్పిన పని అయిపోయింది. ఇక వంటింట్లోకి వెళ్లిపోవడమే.

“కాలర్ ఉంది,” అంది.

“వేణీ. ఉష్,” అన్నాడు జనార్ధనరావు, వేలు పెదవుల మీద పెట్టి.

“ఉష్ అనకండి.”

అంత నెమ్మదిగా అన్న మాటకి ఆయన వేలు అక్కడే ఆగిపోయింది. ఆవిడ వంటింట్లోకి వెళ్లి, తువ్వాళ్ల సొరుగు అడుగునుంచి కాలర్ తీసి టేబుల్ మీద పెట్టింది. వచ్చిన ఇంగ్లీషులో మొత్తం చెప్పింది. ఎప్పుడు కొన్నారో, ఎన్ని నెలలు కట్టిందో, మొరిగినా గుర్రుమన్నా ఏమయ్యేదో, అన్నీ.

ప్రణీత తల్లి వంక చూసింది. “బీప్ అన్నారు.”

“బీప్ కాదమ్మా. షాక్.”

“నీకు తెలుసా?”

“తెలుసు. నా గొంతుకి పెట్టుకుని చూశాను. చూశాక కూడా దానికి కట్టాను.”

ఆ పిల్ల ఏడుస్తుందనుకుంది, అరుస్తుందనుకుంది. ఏదీ చేయలేదు. లేచి వెళ్లి, పెరటివైపు గాజుతలుపుకి నుదురు ఆనించి నిలబడింది. అరిస్తే బాగుండుననిపించింది కృష్ణవేణికి.

హెదర్ ఎవరినీ ఏమీ అనలేదు. కాలర్‌ని తిప్పి చూసి కింద పెట్టింది. “అన్నిటికంటే ఎక్కువ ఎప్పుడు మొరిగేది?”

“సాయంత్రం ఆరింటికి. ఈయన కారు వచ్చినప్పుడు.”

“కోపంగానా?”

గాజు దగ్గర్నుంచి ప్రణీత వెనక్కి తిరక్కుండానే చెప్పింది. “కాదు. ఒళ్లంతా ఊగిపోయేది. నాన్న చెప్పు నోట కరుచుకుని గుమ్మానికి పరిగెత్తేది. ఆయనంటే దానికి ప్రాణం.”

హెదర్ ఆ మాట రాసుకుంది. తర్వాత ఆయన వైపు తిరిగి నిదానంగా చెప్పింది. “అయితే రోజూ ఆరింటికి మీరొచ్చారని సంతోషంతో మొరిగింది. మొరిగిన ప్రతిసారీ మెడ మీద నొప్పి. అది కాలర్ పని అని కుక్కకి తెలియదు జాన్. మీరొస్తే నొప్పి వస్తుందని అర్థం చేసుకుంది. మొన్న మీ చెయ్యి తిన్నగా మెడ మీదికే వచ్చింది.”

జనార్ధనరావు కట్టు కట్టిన చేతిని ఒళ్లోకి తీసుకున్నాడు. “నన్ను చూసి సంతోషమా?” అని తెలుగులో అడిగాడు. ఎవర్ని అడిగాడో ఆయనకే తెలియదు. “నేనంటే పడక అరిచేదనుకున్నానే.”

“నేనూ పరిగెత్తుకుంటూ వచ్చేదాన్ని,” అంది ప్రణీత. “ఆరేళ్లప్పుడు. మీరు ఫోన్‌లో ఉండి ఉష్ అనేవారు.”

ఆయన లేచి గరాజ్‌లోకి వెళ్లిపోయాడు. హెదర్‌ని సాగనంపి కృష్ణవేణి వెళ్లి చూసేసరికి, కారులో స్టీరింగ్ ముందు కూర్చుని ఉన్నాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ఫోన్ చెవికి పెట్టుకుని, శనివారం పదింటి అపాయింట్‌మెంట్ అవసరం లేదని ఎవరికో చెబుతున్నాడు.

అంతటితో అన్నీ చక్కబడిపోలేదు. కాలర్ గురించి ఆ సంస్థకి ఆయనే ఫోన్ చేసి ఒప్పుకున్నాడు. మళ్లీ మొరుగుతుందనిగానీ, ఆయన్ని దగ్గరికి రానిస్తుందనిగానీ హెదర్ మాట ఇవ్వలేదు. కుక్కకి క్షమాపణ చెప్పుకోలేమని, రోజూ ఒకేలా ఉండి చూపించుకోవడమేనని అంది. కరవకుండా మూతికి కట్టే బుట్ట కాటుకకి అలవాటు చేయడానికి, బుట్ట లోపల చికెన్ గుజ్జు రాసి నాకించడం ప్రణీతకి నేర్పింది. గుర్రుమంటే తిట్టకుండా వెనక్కి జరగమని, ఆ రోజు తనకి ఫోన్ చేయమని మరీమరీ చెప్పింది.

ప్రణీత తల్లితో మాటలు మానేసింది. కంచం తీసుకుని గదిలోకి పోయేది. మూడు వారాలు దాటాక, ఉప్పు ఎక్కడుందని అడిగింది. ఆ ఒక్క మాటకి కృష్ణవేణి స్టవ్ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

జనార్ధనరావు కారుని వీధి చివర ఆపి నడిచి వచ్చేవాడు. ఫోన్ కారులోనే వదిలేసేవాడు. పెరటి మెట్టు మీద పక్కకి తిరిగి కూర్చుని, దూరాన చెక్క అరుగు లాంటి డెక్ కింద ముడుచుకున్న కాటుకకి ఎడంచేత్తో ముక్కలు విసిరేవాడు. వానైతే గొడుగు వేసుకుని కూర్చునేవాడు. నెల గడిచింది. కుట్ల మచ్చ మిగిలింది. కాటుక ముక్కలు తినేది, ఆయన లేచి వెళ్లాక.

సెప్టెంబర్‌లో ఒక సాయంత్రం ఆయన ఎదుటే డెక్ కిందనుంచి బయటికొచ్చింది. మెట్టుకి రెండు గజాల దూరంలో ఆగింది. సంతోషం పట్టలేక ఆయన చెయ్యి ముందుకి చాపబోయాడు.

కాటుక గుర్రుమంది.

చాలా రోజులు వాడని గొంతు, బొంగురుగా, సగంలో తెగిపోతూ వచ్చింది. మరుక్షణం మెడ మీద షాక్ కొడుతుందేమోనని కళ్లు మూసుకుని తల వంచేసింది. జనార్ధనరావు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఒక మెట్టు పైకి జరిగాడు. “సరే తల్లీ. సరే. చెప్పావుగా, రాను,” అన్నాడు. ఆయన భుజాలు కదలడం వంటింటి కిటికీలోంచి కృష్ణవేణికి కనిపిస్తూనే ఉంది.

ఎంతసేపటికీ షాక్ కొట్టలేదు. కాటుక కళ్లు తెరిచి, అక్కడే తడిగడ్డి మీద కూర్చుంది.

గాజుతలుపు తీసుకుని ప్రణీత వచ్చింది. తండ్రికి కాస్త దూరంగా అదే మెట్టు మీద కూర్చుంది. వంటింటి కిటికీ వైపు తల తిప్పింది.

“అమ్మా, యాంగ్రీకి తెలుగులో ఏమంటారు?”

పదహారేళ్లలో ఆ పిల్ల ఈ ఇంట్లో ఎప్పుడూ వినని మాట. తన నోటినుంచీ, ఆయన నోటినుంచీ ఏనాడూ రాలేదని కృష్ణవేణికి అప్పుడు తట్టింది. “కోపం,” అంది.

“నాన్నా,” అంది ప్రణీత, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ. “నాకు మీ మీద కోపం. అమ్మ మీద కూడా. చాలా కోపం.”

జనార్ధనరావు వేలు అలవాటుగా పెదవుల దాకా లేచింది. దాన్ని దింపి, ఆ చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు. కృష్ణవేణి స్టవ్ ఆపి, తడిచేతులతోనే వచ్చి కూతురి వెనక మెట్టు మీద కూర్చుంది.

“చెప్పమ్మా,” అన్నాడాయన. “వింటున్నాం.”