పల్వల్ దాటకముందే

పాలసీసాలు వేడినీళ్ళలో కడిగి సంచిలో సర్దుతున్న పెర్సిస్‌కు లోపలి గదిలోంచి ఏడుపు వినిపించింది. చేతులు చున్నీకి తుడుచుకుంటూ వెళ్ళింది. ఏడు నెలల లెవి దుప్పటి మీద బోర్లాపడి, తలెత్తి గోల చేస్తున్నాడు. ఎత్తుకోగానే ఊరుకున్నాడు. ఏడుపు మాత్రం ఆగలేదు. వాడి గొంతుకంటే కాస్త సన్నగా ఆ గదిలో ఒకసారి తిరిగి, అప్పుడు అణిగింది.

సామానంతా ముందురోజే లారీలో వెళ్ళిపోయింది. ఖాళీ ఇల్లు మారుమోగుతుందని పెర్సిస్‌కు తెలుసు. తెలిసినా లెవిని గుండెకు హత్తుకుని కిటికీ కింది గోడవైపే చూస్తూ నిలబడిపోయింది. అక్కడ మూరెడు ఎత్తున చిట్టి చేతుల నూనె మరకలు. రెండేళ్ళుగా ఆ గోడను ఎవరినీ తుడవనివ్వలేదు. ఇక సున్నం కొట్టించి ఈ క్వార్టరును ఇంకొకరికి ఇచ్చేస్తారు.

"పెర్సీ! అయిందా? ఇంకా ఆలస్యమైతే కష్టం" అని బయటినుంచి భర్త ఫెలిక్స్ కేక వేశాడు.

ఫెలిక్స్ సైన్యంలో హవల్దారు. ఢిల్లీ కంటోన్మెంటు నుంచి సికింద్రాబాదుకు పోస్టింగు వచ్చింది. చంటివాడితో రైలే నయమని తల్లి రెబ్కా ఎంత చెప్పినా వినలేదు. కారైతే ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చన్నాడు.

కారు పక్కనే నిలబడి రెబ్కా కళ్ళు మూసుకుంది. "ప్రభువా, ఈ ప్రయాణంలో తోడుండు తండ్రీ. మమ్మల్నందరినీ క్షేమంగా చేర్చు." అందరినీ అన్న మాట దగ్గర పెర్సిస్ కళ్ళు తెరిచింది.

"ఏవండీ, వెళ్ళేదారిలో కాసేపు సమాధుల తోట దగ్గర ఆపండి."

"ఆదివారం వెళ్ళొచ్చావుగా."

"ఇవాళ వెళ్ళిపోతున్నామని చెప్పాలి కదండీ."

"ఈ పొగమంచు చూశావా? చీకటిపడేలోగా ఝాన్సీ చేరాలి" అంటూ అతను కారు స్టార్ట్ చేశాడు. ఆమె మొహం చూడలేదు.

కెరెన్ వాళ్ళ మొదటి బిడ్డ. రెండు చలికాలాల కిందట, అప్పుడప్పుడే అడుగులు వేస్తున్న పిల్ల, న్యుమోనియాతో పోయింది. పెర్సిస్ నర్సు. ఎందరి పిల్లలకో ఆక్సిజన్ పెట్టిన చేతులు తన పిల్ల దగ్గరికొచ్చేసరికి ఉత్త చేతులైపోయాయి. ఆ తర్వాత ఆమె మళ్ళీ ఆసుపత్రి మెట్లెక్కలేదు.

ఊరు దాటుతుంటే పొగమంచు ఇంకా చిక్కబడింది. ముందు వెళ్ళే లారీ ఎర్రలైట్లు తప్ప ఏమీ కనిపించడం లేదు. ఫరీదాబాద్ ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో తెలియలేదు. రెబ్కా ముందు సీట్లోంచి తిరిగి చూసింది.

"పిల్లాడితోపాటు ఆ సంచి కూడా ఒళ్ళో ఎందుకే, పక్క సీట్లో పెట్టుకో."

"వద్దత్తయ్యా. ఇలాగే బాగుంది."

పక్క సీటు ఖాళీగానే ఉంచింది పెర్సిస్. కారు కుదిపినప్పుడల్లా ఆమె చెయ్యి దానంతటదే అటు వెళ్ళి, పడిపోకుండా ఎవరినో ఆపినట్టు ఆగేది. అద్దంలో ఫెలిక్స్ అది చూసి చూపు తిప్పుకున్నాడు.

అప్పుడే ఫోను మోగింది. ఫెలిక్స్ యూనిట్‌లోని కిరణ్‌కుమార్ గొంతు కారంతా నిండింది. "అన్నా, బయల్దేరారా? నసీబంటే నీదే అన్నా. అడిగి అడిగి చివరికి కోరుకున్నచోటే పోస్టింగు కొట్టావ్!"

ఫెలిక్స్ గబుక్కున ఫోను కట్ చేశాడు.

"కారాపండి" అంది పెర్సిస్.

"ఇక్కడ ఎలా..."

"ఆపండి!"

పల్వల్ ఇంకా రాలేదు. రోడ్డు పక్కన ఒక పెట్రోలు బంకు లైట్లు మసకమసకగా కనిపిస్తే అక్కడికి తిప్పి ఆపాడు.

"మీరే అడిగారా?" ఆమె ముందుకు వంగింది. "పైనుంచి ఆర్డరొచ్చింది, మన చేతుల్లో లేదన్నారు. పిల్లను ఈ ఊళ్ళో ఒక్కదాన్నే వదిలేసి పోతున్నానే అని నేను ఏడుస్తుంటే, ఏం చేస్తాం, ఉద్యోగం అని నా వీపు నిమిరారు. ఎలా అనగలిగారండీ?"

"మరేం చెయ్యమంటావ్?" ఫెలిక్స్ వెనక్కి తిరిగాడు. "చర్చి అయ్యాక అక్కడే. ఎండైనా అక్కడే, చలైనా అక్కడే. వీడు కడుపులో ఉన్నప్పుడూ అక్కడే. వీణ్ణి ఎత్తుకుని ఇంకెవరితోనో మాట్లాడతావ్. ఒక్కోసారి వీణ్ణి... ఆ పేరుతో పిలుస్తావ్. నిన్ను లాక్కురాకపోతే వీడికి అమ్మ మిగలదనిపించింది."

"ఆ పేరు అంటే ఏ పేరు? అనండి. రెండేళ్ళయింది మీ నోట విని."

ఫెలిక్స్ స్టీరింగు పట్టుకుని ముందుకు తిరిగిపోయాడు. లెవి బిక్కమొహం వేసి ఏడుపు అందుకున్నాడు.

"కారు వెనక్కి తిప్పరా" అంది రెబ్కా.

"అమ్మా, నువ్వు కూడానా?"

"ఆ రోజు పిల్లను చేతుల మీద మోసుకెళ్ళింది నువ్వు. మళ్ళీ ఆ సమాధుల తోట గేటు దాటలేదు. పెర్సీ వెళ్ళి ఏడ్చొస్తోంది. నువ్వు అదీ చెయ్యలేదు. ఝాన్సీ ఎక్కడికీ పోదు. తిప్పు, నాన్నా."

తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. మంచు కాస్త పలచబడింది. గేటు దగ్గర కారు దిగి, ఎవరికోసమూ ఆగకుండా ఫెలిక్స్ గబగబా ముందు నడిచాడు. ఒక వరసలోకి వెళ్ళాడు. వంగి పేరు చదివాడు. పక్క వరసలోకి మారాడు. అక్కడా వంగాడు. ఎన్నో చిన్న సమాధులు. ఒక్కొక్కటీ చూస్తూ, తడబడుతూ, మళ్ళీ మొదటికి వచ్చాడు.

"ఎక్కడ పెర్సీ? వేపచెట్టు పక్కనేగా?" అన్నాడు, దారి తప్పిన మనిషిలా.

"ఆ చెట్టు కొట్టేశారండీ. పోయినేడాది."

అంతే. అక్కడే తడినేల మీద కూలబడి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. అంత కోపంతో వచ్చిన పెర్సిస్, ఆ వెడల్పాటి భుజాలు ఎగిసిపడటం చూసి నిలబడలేకపోయింది. లెవిని అత్తకు అందించి, అతని చెయ్యి పట్టుకుని లేవదీసింది. మూడు సమాధుల అవతల ఉన్న చిన్న సిమెంటు శిలువ దగ్గరికి నడిపించుకెళ్ళింది.

ఫెలిక్స్ శిలువ మీద చెయ్యి వేశాడు. "నీకోసం అడిగానన్నది అబద్ధం పెర్సీ. నాకోసమే అడిగాను. పొద్దున్నే నేను యూనిఫాం వేసుకుంటుంటే అది వంటింట్లోంచి గరిటె తెచ్చి బకెట్ మీద కొట్టేది కదా. ఆ చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది. పరుగెత్తి వెళ్ళి చూస్తే బకెట్ ఒక్కటే ఉంటుంది. ఆ ఇంట్లో ఉండలేకపోయాను. పారిపోదామనుకున్నాను."

పెర్సిస్ అతనివైపు చూసింది. "నాకూ వినిపిస్తుందండీ. నాకే పిచ్చెక్కిందనుకున్నాను. చెబితే మీరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారని నోరు మూసుకున్నాను."

ఒకే ఇంట్లో, ఒకే గోడల మధ్య, ఒకే చప్పుడు విని ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు దాచుకున్నారన్నమాట. ఆమె అతని భుజం మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చింది. రెబ్కా పైటచెంగుతో శిలువ మీది మంచు తుడిచి లెవిని కొడుక్కిచ్చింది. వాడు తడిసిన సిమెంటు మీద అరచేత్తో టపటపా కొట్టాడు.

"మీ అక్కరా" అన్నాడు ఫెలిక్స్. ఊపిరి పీల్చుకుని, "కెరెన్" అన్నాడు. "అమ్మా కెరెన్, ఏటా వస్తాంరా. అందరం వస్తాం."

సాయంత్రం పల్వల్ దాటాక ఒక ధాబా దగ్గర ఆగారు. ఇక ఈ రాత్రికి ఆగ్రా చాలనుకున్నారు. రొట్టెలు తెచ్చిపెట్టిన ఆవిడ లెవి బుగ్గ పుణికి, "పహలా బచ్చా హై?" మొదటి బిడ్డా అని అడిగింది. పెర్సిస్ తల దించుకుంది.

"నహీ దీదీ, దూసరా హై." రెండోవాడని చెప్పాడు ఫెలిక్స్. "బడీ బేటీ థీ. కెరెన్."

పెద్దమ్మాయి ఉండేదన్న ఆ 'థీ' దగ్గర ఆవిడ నవ్వు ఆగిపోయింది. ఇంకేమీ అడగకుండా లెవి తల నిమిరి వెళ్ళిపోయింది.

బయట మంచు మళ్ళీ దిగుతోంది. పెర్సిస్ చెంపల మీద నీళ్ళు తుడుచుకోలేదు. రొట్టె తుంచి భర్త కంచంలో వేసింది.

"అది గరిటెతో బకెట్ కొడుతుంటే మీరు ఏదో అనేవారు కదా. ఏమనేవారండీ?"

ఫెలిక్స్ గొంతు సవరించుకుని చెప్పడం మొదలుపెట్టాడు.