సగం నాది

"ఏంది సార్ గిది? గుర్రాలను హర్రాజ్ ఏస్తున్నరా, బస్టాండ్ల అనౌన్స్‌మెంట్ చేస్తున్నరా?"

మైకులో గుర్రాల వేలం పాడి చూసుకుంటున్న నిఖిలేష్ తల తిప్పి చూశాడు. తలుపు దగ్గర ఒకమ్మాయి, తడిసిన చున్నీ పిండుకుంటూ నవ్వుతోంది.

"మీరు?"

"స్రవ్య. యాంకర్ కావాలన్నరు కదా. జహనుమా నుంచి వస్తున్న. పురానాపూల్ కాడ ఆటో ఆగిపోయింది."

"లేటయ్యారు."

"వాన లేటయింది సార్. నేను దాంతోనే వచ్చిన."

కోపం తెచ్చుకుందామనుకున్నాడు నిఖిలేష్. రాలేదు.

ఆ పబ్బు పేరు 'నాడా'. పాతబస్తీ అంచున, రేసుకోర్సుకు వెళ్లే దారిలో ఉంది. వానాకాలం రేసులు జరిగే ఆదివారాల్లో మధ్యాహ్నం పూట జనాన్ని రప్పించడానికి, ప్రమోషన్ మేనేజరైన నిఖిలేష్ ఒక ఆట కనిపెట్టాడు. డబ్బు పందెం లేదు, బిల్లుతోపాటు ఇచ్చే కూపన్లే. పెద్ద రేసులో పరిగెత్తే గుర్రాల పేర్లు చిట్టీల మీద రాసి పళ్లెంలో వేస్తారు. తలా ఒకటి తీస్తారు. ఆ తర్వాత ఒక్కో గుర్రానికీ వేలం. ఎక్కువ కూపన్లు పాడినవారిదే గుర్రం. అది గెలిస్తే కుప్పలోని కూపన్లన్నీ వాళ్లవే, కడుపునిండా కబాబులు.

ఇందులో ఒక మెలిక కూడా ఉంది. గుర్రాన్ని ఎవరు కొన్నా, ఆ చిట్టీ తీసినవారికి సగం మీద హక్కు ఉంటుంది. ఊరికే కాదు. తాము కూడా సగం కూపన్లు పెట్టాలి, టీవీలో రేసు గేట్లు తెరుచుకునేలోపు లేచి నిలబడి అందరూ వినేలా "సగం నాది" అనాలి. అంటే కొన్నవారు కాదనకూడదు. అనకపోతే ఆ హక్కు పోయినట్టే.

"సగం ముచ్చట మస్తుంది," అంది స్రవ్య. "పాడుడు మాత్రం నాకు ఇడిసిపెట్టున్రి. మా నాయినమ్మ నాగమణమ్మ మీరాలం మండిల టమాటల హర్రాజ్ పాడేది. ఆమె గొంతుకు పుచ్చొంకాయలు కూడా అమ్ముడుపోతుండె."

ఆ గొంతు మనవరాలికీ వచ్చింది. "ఒకటోసారి... రెండోసారి..." అని ఆగి, ఒక్కో బల్ల వైపూ చూసి, ఎవరి చెయ్యి లేవాలా వద్దా అని కొట్టుకుంటుందో వాళ్లకేసి కనుబొమ్మ ఎగరేసేది. చెయ్యి లేచేది. నిమ్మకాయ సోడా తప్ప ఏదీ ముట్టని గాజుల వ్యాపారి మాజ్ భాయ్ కూడా ఆ పాట వినడానికే వారం వారం వచ్చేవాడు.

ఆదివారాలు గడుస్తున్నకొద్దీ 'సార్' పోయి 'నిఖిల్' వచ్చింది. 'మీరు' మాత్రం అతని వైపు నుంచి కదల్లేదు.

"మీ గుంటూరోళ్లు ప్రేమించినా 'అండి' పెడ్తరా?"

"మా అమ్మ మా నాన్నని ఇప్పటికీ 'ఏవండీ' అనే పిలుస్తుందండి."

"సచ్చింది గొర్రె!"

పని అయ్యాక అతని స్కూటర్ మీద జహనుమా దాకా దింపడం అలవాటైంది. దారిలో హోటల్ ముందు ఆగేవాళ్లు. వేడి లుక్మీని స్రవ్య రెండుగా తుంచేది. కీమా ఎక్కువున్న ముక్క అతనికి ఇచ్చేది. అతను అది గమనించేవాడు. గమనించి, టీ తాగేవాడు. అంతకుమించి ఏమీ చేసేవాడు కాదు.

"నువ్వెప్పుడన్న పందెం కాసినవా నిఖిల్?"

"గెలుస్తుందని గ్యారంటీ ఉంటే కాస్తాను."

"గ్యారంటీ ఉన్నంక అది పందెం ఎట్లయితది?"

అతను నవ్వేసి టీ డబ్బులు ఇవ్వడానికి లేచాడు. ఇలాంటివాళ్లను మనమందరం చూసే ఉంటాం. గొడుగు తడిసిపోతుందేమోనని తెరవకుండా పట్టుకుని నడిచే రకం. సీజన్ అయ్యాక జీతం పెంచుతానని ఓనర్ వంశీధర్ మాటిచ్చాడు. అది పెరిగాక అమ్మ సీతారావమ్మకు మెల్లగా చెప్పాలి. ఆమె సరేనన్నాక స్రవ్యకు చెప్పాలి. వరస అంతా అతని బుర్రలో పద్ధతిగా ఉంది. ప్రేమకు ఆ పద్ధతి తెలియదంతే.

ఆఖరి ఆదివారం స్రవ్య ముందుగానే వచ్చింది. బల్లల మీద కార్డులు సర్దుతూ, తల ఎత్తకుండా అంది.

"నాన్న ఒక సంబంధం తెచ్చిండు. సిద్దిపేటోళ్లు. రేపు జవాబు చెప్పాలె."

నిఖిలేష్ మైకు వైరు వదిలేసి దగ్గరికి వచ్చాడు. "మీరేమంటున్నారు?"

"నువ్వేమంటవో చెప్పు ముందు."

అప్పుడే వంశీధర్ లోపలికి వచ్చి, సౌండ్ సిస్టం గురించి కేకేశాడు. "వస్తున్నా సార్," అన్నాడు నిఖిలేష్. ఆమెను అక్కడే వదిలి అటు పరుగెత్తాడు.

చిట్టీల పళ్లెం తిరిగింది. చివరికి ఒకటి మిగిలింది. స్రవ్య పళ్లెం తెచ్చి అతని ముందు పెట్టింది. "ఆఖరిది మేనేజర్ సాబ్‌కు. తియ్యి."

తీశాడు. గులాబీ. ఆ సీజన్‌లో ఒక్కసారి కూడా ముందు వరసలోకి రాని ముసలి ఆడగుర్రం.

మిగతావన్నీ జోరుగా అమ్ముడుపోయాయి. గులాబీ దగ్గరికి వచ్చేసరికి ఒక్క చెయ్యీ లేవలేదు.

"అది దౌడ్ కొట్టదు బేటీ, షికారు చేస్తది," అన్నాడు మాజ్ భాయ్. అందరూ నవ్వారు.

"నాది ఒక్క కూపన్," అంది స్రవ్య మైకులోనే. "స్రవ్య పాట. ఒకటోసారి. రెండోసారి. మూడోసారి! గులాబీ నాది."

చప్పట్లు. టీవీలో గుర్రాలు ఒక్కొక్కటే గేట్లలోకి వెళ్తున్నాయి. స్రవ్య మైకు దించి, నిఖిలేష్ వైపు చూసింది. వారం వారం బల్లల వైపు చూసే చూపు కాదు అది. కనుబొమ్మ ఎగరేయలేదు. ఊరికే చూస్తోంది.

"చిట్టీ నీదే కదా నిఖిల్. ఏమన్న అంటవా?"

అర్థం కాలేదని అతను తర్వాత తనకు తాను ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. అబద్ధం. బాగా అర్థమైంది. కానీ అందరూ చూస్తున్నారు, వంశీధర్ చూస్తున్నాడు, అమ్మకింకా చెప్పలేదు. భయపడ్డవాడు చేసే పనే అతనూ చేశాడు. జోకేశాడు.

"సగమెందుకండీ? మొత్తం మీదే! ఉంచుకోండి!"

హాలంతా ఘొల్లుమంది. స్రవ్య కూడా నవ్వింది, మైకు పట్టుకున్నవాళ్లు నవ్వాలి కాబట్టి. గేట్లు తెరుచుకున్నాయి.

గులాబీ అందరికన్నా ఆఖరున వచ్చింది.

బయట వాన పెద్దదైంది. అతను స్కూటర్ తీయబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆటో పిలిచిన."

"స్రవ్యా... అది ఎలాగూ ఓడిపోతుంది కదా, అందుకని..."

"ఓడుతదని నాకు తెల్వదా? గెలిచే గుర్రంల సగం అందరడుగుతరు నిఖిల్. ఓడేదాంట్ల అడుగుతవేమో అని చూసిన. గంతే."

మర్నాడు సాయంత్రం అతను జహనుమా వెళ్లాడు. దారంతా మాటలు కూడబలుక్కున్నాడు. ఆ రోజు పొద్దునే అమ్మకు చెప్పేశాడు. ఆవిడ కాఫీ కలుపుతూ, "ఇన్నాళ్లూ ఎందుకు దాచావురా?" అంది, అంతే. ఇంతకాలం భయపడింది ఈ ఒక్క ప్రశ్నకా అని అతనికి ఏడుపొచ్చింది.

స్రవ్య వాళ్ల గుమ్మం ముందు చాలా చెప్పులున్నాయి. లోపల నవ్వులు వినపడుతున్నాయి. ఆమె పట్టుచీరలో పళ్లెం పట్టుకుని బయటికి వచ్చింది.

"స్రవ్యా, సగం నాది," అన్నాడు. కూడబలుక్కున్న మాటల్లో అదొక్కటే మిగిలింది. 'అండి' లేదు.

ఆమె కళ్లు నిండాయి. తల అడ్డంగా ఊపింది.

"గేట్లు తెరుసుకున్నయ్ నిఖిల్. పొద్దుగాల్నే సరే అన్న. మంచోడు, మాటిచ్చిన. రూల్ నువ్వు పెట్టిందే, వారం వారం మైకుల సదివింది నేనే."

"నిన్న ఒక్క మాట అనుంటే?"

"అనుంటే ఆ ముసలి గుర్రం మనిద్దరిదైతుండె."

లోపలి నుంచి ఎవరో పిలిచారు. ఆమె చున్నీ కోసం తడుముకుని, చీర కొంగుతో కళ్లు తుడుచుకుంది. పళ్లెంలోంచి ఒక లడ్డూ తీసి, తుంచకుండా, మొత్తం అతని చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

పురానాపూల్ మీద వాన అందుకుంది. స్కూటర్ పక్కకు ఆపి, లడ్డూ తడవకుండా అరచేయి మూసుకుని నిలబడ్డాడు. ఎంతసేపటికీ తినబుద్ధి కాలేదు. దాన్ని రెండుగా తుంచడానికి పక్కన ఎవరూ లేరు.