ఊపిరి పీల్చే గొట్టం

రాజమండ్రికి ఎగువన, మా కాలనీకి వెళ్లే దారిలో ఒక రాతి క్వారీ ఉంది. దాని కంచె పక్కన నడుమెత్తు ఇనుప గొట్టమొకటి. చీకటి పడితే అది ఊపిరి పీలుస్తుందని ప్రతీతి. క్వారీ గోతిలో పడి చనిపోయిన పొక్లెయిన్ డ్రైవరు ప్రాణం అందులో చిక్కుకున్నదట... ఆటోవాళ్లు ఆ మలుపులో హారన్ కూడా కొట్టరు.

నేను కావ్యపాఠం చెప్పినవాణ్ణి. పిశాచ శబ్దానికి పర్యాయపదాలు తెలుసును గాని భయం తెలియదని సభల్లో చెప్పుకునేవాణ్ణి.

ఆ సాయంకాలం ఆటో నన్ను మలుపుకు ఇవతలే దింపేసింది. వీధిదీపాలు లేవు. ఆకు కదలడం లేదు. అయినా —

హుస్స్...

దీర్ఘంగా... లోపలికి.

ధైర్యం నటిస్తూ దగ్గరికి వెళ్లి, గొట్టం మూతకున్న రంధ్రం మీదికి వంగాను. అంతే — నా ఉత్తరీయపు చెంగు దానంతటదే లేచి ఆ రంధ్రానికి అతుక్కుపోయింది. లాగితే వచ్చేదే, లాగడానికి చేతులు రాలేదు.

“అయ్యా, అశరీరీ, ఈ అకించనుణ్ణి విడిచిపుచ్చుము” అన్నాను.

వెనుకనుంచి గుసగుస... “మాస్టారూ, కదలకండి.”

నేను ఆ ఆజ్ఞను పాటించలేదు. కూలబడి చూస్తే మా పక్కింటి సాయిదుర్గ — భూగర్భజలాల మీద పరిశోధన చేస్తున్న పిల్ల. కంచె లోపలి వాచ్‌మన్‌కు వినబడకుండా చెప్పింది: అది నేల కింది నీటిమట్టం కొలిచే బోరట. నీరు దిగిపోతే పైనుంచి గాలి లాగుతుందట. వానలు పడేదాకా గోతిలో ఊరే నీటిని తోడవద్దని ఉత్తర్వు ఉన్నా, క్వారీవాళ్లు చీకటి పడగానే మోటారు వేస్తున్నారు. కాలనీ మొత్తం తాగే బావిలో అప్పటికే అడుగు బురద కనబడుతోంది.

“రేపు అధికారులొస్తారు. నా మాట నమ్మట్లేదండీ. మీరు చెబుతారా?”

“ఏమని?”

“గొట్టం మీ కండువా లాక్కుందని.”

బావి ఎండకూడదు; నా పరువు ఎండినా ఫరవాలేదు అనుకున్నాను. మరునాడు చీకటి పడ్డాక, ఆ గొట్టం దగ్గరే అధికారుల ముందు సుదీర్ఘ సమాసాలతో సాక్ష్యం చెప్పాను. సాయిదుర్గ దాన్ని తెలుగులోకి మార్చి చెప్పింది. ఒకాయన నవ్వాపుకుంటూనే తన జేబురుమాలు రంధ్రం మీద పెట్టాడు. అది చటుక్కున అతుక్కుంది. ఆయన నవ్వు ఆగింది. గోతిలోకి దిగారు, మోటారు దొరికింది, దాని గదికి తాళం పడింది.

కొన్నాళ్లకు, దెయ్యం లేదని కాలనీవాళ్లకు నచ్చజెప్పే భారం నేనే తలకెత్తుకున్నాను. అందరినీ గొట్టం చుట్టూ నిలబెట్టి, ఇది కేవలం వాయువు, భయకారణం లేశమైనా లేదు అంటూ ఉపన్యసిస్తూ, నిదర్శనంగా ముఖం రంధ్రానికి ఆనించాను.

నిశ్శబ్దం...

హూఁ... ఫ్ — అని అది నా ముఖాన ఊదింది. చల్లగా, తడిమట్టి వాసనతో.

“నీళ్లు పైకొస్తున్నాయండీ” అని సాయిదుర్గ కేక వేసిందట. జనం చప్పట్లు కొట్టారట. ఆ మాట నేను స్వయంగా వినలేదు. అప్పటికి మలుపు దాటి, ఆటో ఎక్కి, పోనిమ్మని డ్రైవరు వీపు తడుతున్నాను.