నూట ఎనభై ఏడు మంది ఏమన్నారు?

ఉదయం ఎనిమిదిన్నరకు స్టెనో ఆఫీసు తలుపు సగం తెరిచిందో లేదో, వెనకాలే ఒకావిడ రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. చీర నలగలేదు, జుట్టు చెదరలేదు. కానీ ఒక కాలికి నల్ల చెప్పు, రెండో కాలికి గోధుమరంగు చెప్పు.

"డిటెక్టివ్ గారు మీరేనా అమ్మా?"

"నేను కాదండీ. మాస్టారు లోపలున్నారు, రండి."

మాస్టారు ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పేవారు. ఉద్యోగం మానేసి పదిహేనేళ్ళయినా ఆ పిలుపు ఆయన్ని వదల్లేదు. స్టెనో అంతకుముందు తొమ్మిదేళ్ళు కోర్టులో వాంగ్మూలాలు రాసింది. ఎంతో మంది తెలివైనవాళ్ళ మాటలు రాసిన ఆ చేతికి మాస్టారి మాటలు రాయడమంటే ఎక్కువ ఇష్టం. ఆ సంగతి ఆయనతో మాత్రం ఎప్పుడూ అనలేదు. పొగిడితే ఆయనకు తుమ్ములొస్తాయి.

వచ్చినావిడ పెద్ద బజారులో సినిమాహాలు యజమానురాలు. మంచినీళ్ళు తాగి, ఊపిరి తీసుకుని మొదలుపెట్టింది.

"ఆ గూఢచారి సినిమాలు మీకు తెలుసుగా? ఇరవై రెండేళ్ళల్లో పదమూడు భాగాలొచ్చాయి. పద్నాలుగోది వచ్చే వారం విడుదల. దాని ముగింపు కొత్తగా ఉంది. గూఢచారి ఉద్యోగం వదిలేసి, తను తయారుచేసిన అమ్మాయికి బాధ్యత అప్పగించి వెళ్ళిపోతాడు. ఫైటింగు లేదు, పాట లేదు. జనం ఏమంటారోనని నిర్మాతకు గుబులు. అందుకే నిన్న మా హాల్లో ముందుగా ఒక ఆట వేశారు. రెండు వందల మందిని పిలిచి, సినిమా అయ్యాక తలా ఒక చీటీ, ఒక పెన్సిలూ ఇచ్చారు. ముగింపు నచ్చిందా, నచ్చలేదా అని టిక్కు పెట్టాలి. ఇష్టమైతే కింద నాలుగు ముక్కలు రాయాలి."

"ఏమన్నారు జనం?"

"నేను తలుపు దగ్గరే నిలబడ్డానండీ. నిలబడి చప్పట్లు కొట్టారు. కళ్ళు తుడుచుకుంటూ, తలెత్తుకుని బయటికొచ్చారు. తీరా పెట్టె తెరిస్తే రెండొందల చీటీల్లో నూట అరవై నచ్చలేదని!" ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. "ఇవాళ సాయంత్రం నుంచి ముగింపు మళ్ళీ తీస్తారట. ఈ ముగింపు కూర్చిన ఎడిటరమ్మని తీసేస్తారట. మూడో భాగం నుంచీ పనిచేస్తోంది ఆవిడ. చీటీలు మారిపోయాయని నేనంటే నిర్మాత ఒంటికాలి మీద లేచాడు. 'మీ హాల్లో, మీ గదిలో ఉన్న పెట్టె అది. మారిస్తే మీరే మార్చుండాలి' అన్నాడు. మా నాన్న కట్టిన హాలండీ. ఆ మాట బయటికి పొక్కితే ఇంక మాకు సినిమా ఎవరిస్తారు?"

మాస్టారు అప్పటికే చొక్కా గుండీ పెట్టుకుంటున్నారు. "నిన్న చింపిన టిక్కెట్ల ముక్కలు ఊడ్చేశారా?"

"లేదండీ, డబ్బాలోనే ఉన్నాయి."

"పదండి."

హాలు ముందు వసారాలో గోడ పొడవునా పదమూడు భాగాల పోస్టర్లు పటాలు కట్టి వేలాడదీశారు. స్టెనో ఒక్కొక్కటీ చూస్తూ నడిచింది. ఎనిమిదో భాగం చూసినప్పుడు ఆమె కాలేజీలో ఉంది. ఆ పటం ఒక్కటే గోడకు ఆనకుండా కాస్త ముందుకు వాలి ఉంది. మేకు సరిగ్గా దిగలేదేమో అనుకుని సాగిపోయింది.

అంతకుముందే బయటి గేటు దగ్గర కాపలావాళ్ళు ఆమె సంచీ అడుగుదాకా తడిమి చూశారు. సినిమా కాపీ లోపలే ఉంది కాబట్టి నిన్న ఉదయం నుంచీ ఎంత పెద్దవారినైనా వెతక్కుండా వదలడం లేదు. కాగితం ముక్క కూడా బయటికి పోకూడదని నిర్మాత ఉత్తర్వు.

యజమానురాలి గదిలో బల్ల మీద రేకు పెట్టె, దాని పక్కన చీటీల కట్ట ఉన్నాయి. పెట్టెకున్న తాళం తలపిన్నుతో కూడా వచ్చేస్తుంది. ఆట అయ్యాక అందరూ మేడ మీద టీ తాగుతుంటే ఇరవై నిమిషాల పాటు ఈ గదిలో ఎవరూ లేరు. మాస్టారు టిక్కెట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుని లెక్కపెట్టడానికి కూర్చున్నారు. చీటీలు స్టెనోకి ఇచ్చారు.

గంట గడిచింది.

"మాస్టారూ, ఇవి హాల్లో రాసినవి కావు," అంది స్టెనో.

ఆయన తలెత్తారు.

"నేను తొమ్మిదేళ్ళు ఒళ్ళో పుస్తకం పెట్టుకుని రాశాను. మోకాలి మీద కాగితం పెట్టి రాస్తే పెన్సిలు దిగబడుతుంది, గీత వంకర పోతుంది, ఒక్కోచోట కాగితం చిరుగుతుంది. ఇన్ని చీటీల్లో ఒక్కదానికి చిల్లు లేదు. అన్నీ బల్ల మీద రాసినవే. రాత కూడా కుడికి వాల్చి, ఎడమకి వాల్చి రకరకాలుగా రాశారు కానీ, అన్నీ ఒకే చెయ్యి."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. ఆయన మెచ్చుకోవడం అలాగే ఉంటుందని స్టెనోకి తెలుసు. ఆ పూటకి ఆమెకి అది చాలు.

"రాతలున్నవి చదువు."

"'చివర చప్పగా ఉంది.' 'మా హీరోని ఇంటికి పంపడానికి మీరెవరు?' 'ఆ ఉత్తరం సాగదీశారు.' 'ఉత్తరం సీను దగ్గర విసుగేసింది.' ఉత్తరం మాట పదకొండు చీటీల్లో ఉంది."

ముందుగా నిర్మాతను పిలిచారు. రాత్రంతా నిద్రలేక మనిషి వాడిపోయి ఉన్నాడు.

"చప్పట్లు మీరు వినలేదా?"

"ఎందుకు వినలేదు? పిలిచి ఊరికే చూపిస్తే ఎవరైనా చప్పట్లు కొడతారు మాస్టారూ. మొహం మీద బాగాలేదనరు. కాగితం మీదే నిజం చెబుతారు."

"రాతలు చదివారా?"

"టిక్కులే చూశాను. అంతకు మించి చదవడానికి మనసు రాలేదు."

తరవాత హీరో అన్నగారు వచ్చారు. అరవై దాటిన మనిషి. తండ్రి పోయాక తమ్ముణ్ణి చేతుల మీద పెంచాడు. మొదటి భాగం నుంచీ అతని వ్యవహారాలన్నీ ఆయనవే.

"వసారాలో పోస్టర్లు చూశారా? మా ఇంటి గోడల మీదివి. నిన్న తెల్లారగట్ల నేనే తెచ్చి వరసగా తగిలించాను. మేకులు కూడా నేనే కొట్టాను," అన్నాడు ఆయన, అడక్కుండానే.

"ఆట ఎక్కడ కూర్చుని చూశారు?"

"చివరి వరసలో. తమ్ముడు ప్రొజెక్టరు గదిలో ఉన్నాడు. జనం మధ్యకొస్తే గోల కదా."

"జనం ఎలా ఉన్నారు?"

"మొదటి సగం ఈలలే ఈలలు! ఆ ఉత్తరం దగ్గరికొచ్చేసరికి ఒక్కొక్కరూ సీట్లలో అటూ ఇటూ మెదలడం మొదలెట్టారు. నాకు అప్పుడే అర్థమైపోయింది. వాళ్ళకి వాడు కావాలి. వాడు లేని సినిమా ఎవరికి కావాలి?"

స్టెనో అక్షరం పొల్లుపోకుండా రాసుకుంది.

ఆఖరున ఎడిటరమ్మ వచ్చింది. సన్నటి మనిషి. అవమానం దిగమింగుకుని నిటారుగా కూర్చుంది. చీటీలు ఆమెను ముట్టుకోనివ్వలేదట.

"ముగింపులో మీకు నచ్చిందేమిటమ్మా?" అని అడిగారు మాస్టారు.

"ఆయన మాట్లాడకపోవడం. ముందు ఒక ఉత్తరం ఉండేదండీ. వెళ్ళిపోతూ రాసింది, ఆయన గొంతుతో వినిపిస్తుంది. నిన్న పొద్దున ఆరింటికి ఇక్కడికే వచ్చి దాన్ని తీసేశాను. నేను, ప్రొజెక్టరు వేసే అతను, ఇద్దరమే ఉన్నాం. ఎవరికీ చెప్పడానికి టైము లేకపోయింది. ఉత్తరం చదివితే జనం ఏడుస్తారు, నిజమే. మాట్లాడకుండా వెళ్తే ఆయన్ని చూసి గర్వపడతారు."

స్టెనో పెన్సిలు ఆగింది. మాస్టారి వైపు చూసింది. ఆయన అప్పటికే లేచి వసారాలోకి నడుస్తున్నారు.

మూడు గంటలకు అందరినీ హాల్లో మొదటి వరసలో కూర్చోబెట్టారు. యజమానురాలు, నిర్మాత, ఎడిటరమ్మ, హీరో, పక్కనే ఆయన అన్నగారు. హీరో నెరిసిన గడ్డంతో, మామూలు చొక్కాలో, జనం తనను వద్దన్నారని నమ్మేసిన మనిషిలా ఉన్నాడు.

మాస్టారు తెర ముందు నిలబడ్డారు.

"లెక్క చిన్నదే. నిన్న పిలిచింది రెండు వందల మందిని. టిక్కెట్ల ముక్కలు రెండు సార్లు లెక్కపెట్టాను, నూట ఎనభై ఏడు. పదమూడు మంది రాలేదు. పెట్టెలో మాత్రం చీటీలు సరిగ్గా రెండు వందలు. రానివాళ్ళు చీటీలు రాయరు కదా? అంటే అవి ఆట మొదలవకముందే, రెండు వందల మందీ వస్తారన్న లెక్కతో తయారయ్యాయి. వాటిని హాల్లో కాక బల్ల మీద పెట్టి, ఒకే చెయ్యి రాసిందని మా స్టెనో గారు కనిపెట్టారు. నేను సగం రోజు చూసినా అది నాకు తట్టేది కాదు."

స్టెనో తల వంచుకుని పుస్తకంలోకి చూసింది. చెవులు వేడెక్కాయి.

"యజమానురాలు గారు మార్చి ఉంటే, టిక్కెట్లు చింపింది ఆవిడే కాబట్టి నూట ఎనభై ఏడే పెట్టేవారు. ఇక ఎవరు? పదకొండు చీటీల్లో ఒక ఉత్తరం ప్రస్తావన ఉంది. నిన్న ఆటలో ఆ ఉత్తరం లేనే లేదు."

నిర్మాత ఉలిక్కిపడ్డాడు. "అవును! నిన్న లేదు! నేను చూశానుగా!"

"మీరు చూశారు. హీరో గారు పైనుంచి చూశారు. ఎడిటరమ్మ గారే తీసేశారు. తలుపు దగ్గర ఉన్న యజమానురాలికి కథలో ఉత్తరం ఉండేదని కూడా తెలియదు. ఉత్తరం ఉందనుకున్నది ఒక్కరే. ఉత్తరం దగ్గర జనం సీట్లలో మెదిలారని ఇవాళ పొద్దున నాతో కూడా చెప్పారు." మాస్టారి గొంతు మెత్తబడింది. "పెద్దాయనా, నిన్న చివరి వరసలో మీరు లేరు. పెద్ద తలుపు దగ్గర యజమానురాలు ఉన్నారు కాబట్టి, ముగింపు రాకముందే పక్క తలుపులోంచి వెళ్ళిపోయి ఉండాలి."

హీరో మెల్లగా తల తిప్పాడు. "అన్నయ్యా?"

మాస్టారు సైగ చెయ్యగానే స్టెనో ఎనిమిదో పటాన్ని తెచ్చి వెనక అట్ట విప్పింది. లోపల పలచగా పరిచిన చీటీల కట్టలు బయటపడ్డాయి. దొంగ చీటీలు అందులోనే తెచ్చిన అన్నగారు, అసలువి కాపలావాళ్ళ కళ్ళుగప్పి బయటికి తీసుకెళ్ళలేక, తను కొట్టిన మేకుకి తగిలించిన ఆ పటం వెనకే దాచాడు.

"వాణ్ణి సాగనంపుతుంటే చూడమంటారా?" పెద్దాయన ఒక్కసారిగా బద్దలయ్యాడు. "ఇరవై రెండేళ్ళు! ఎముకలు విరగ్గొట్టుకున్నాడు, జ్వరంతో నీళ్ళల్లో దూకాడు. ఆఖరికి తాళాలిచ్చేసి ఇంటికి పొమ్మంటారా? స్క్రిప్టులో చదివి, రెండొందల చీటీలూ ఇంట్లోనే రాసుకొచ్చాను. తెర మీద చూడలేక లేచొచ్చేశాను. టీ తాగే వేళకి చీటీలు మార్చేశాను. వాడికి తెలీదు. శిక్ష వేస్తే నాకే వెయ్యండి."

యజమానురాలు చీటీల మీద చెయ్యి వేసింది.

"ఇవి చదవచ్చా?"

చాలా చీటీలకు చిల్లులున్నాయి. వంకర అక్షరాలు. ఆవిడ ఒక్కొక్కటే చదివింది.

"'పాప్‌కార్న్‌లో ఉప్పెక్కువ. ముగింపు మాత్రం సరిగ్గా సరిపోయింది.' 'ఆ అమ్మాయికి పని అప్పగించగానే మా కూతురు సీటెక్కి నిలబడింది. దిగమని అనబుద్ధి కాలేదు.' 'నేను బస్సు డ్రైవరుని. వచ్చే నెల రిటైరు. ఎలా దిగాలో ఆయన చూపించాడు.' 'నచ్చలేదు. ఆయన లేకపోతే నేను రాను. అయినా చేతులు నొప్పెట్టేదాకా చప్పట్లు కొట్టాను, ఎందుకో తెలీదు.'"

నూట డెబ్బై ఒకటి నచ్చిందని. పదహారు నచ్చలేదని.

నిర్మాత లేచి ఎడిటరమ్మ ముందు నిలబడ్డాడు. "అమ్మా, సాయంత్రం షూటింగు లేదు. మీరు కూర్చిందే విడుదలవుతుంది." తరవాత యజమానురాలి వైపు తిరిగాడు. "మిమ్మల్ని అన్న మాటకి సిగ్గుపడుతున్నాను. మొదటి ఆట మీ హాల్లోనే."

"సరే కానీ," అన్నారు మాస్టారు, "ఒకాయన చూడని సినిమా మీద రెండు వందల అభిప్రాయాలు రాశారు. ఒక్కసారి చూపిద్దామా?"

దీపాలు ఆరాయి. తెర మీద గూఢచారి తుపాకీ బల్ల మీద పెట్టాడు, తాళం చెవులు పెట్టాడు. ఆ అమ్మాయి చొక్కా కాలరు సరిచేశాడు. వెనక్కి తిరక్కుండా పొడవాటి నడవ దాటి, రద్దీ రోడ్డు మీదికి వచ్చాడు. అతనెవరో ఎవరికీ తెలియదు. జనంతో పాటు రోడ్డు దాటడానికి అందరిలాగే ఆగాడు. అతను కాపాడిన ఆ జనం అతని భుజం రాసుకుంటూ పోతున్నారు. అతని ముఖంలో దిగులు లేదు. చిన్న నవ్వు ఉంది. సంగీతం లేదు.

స్టెనో తెర వైపు కాక పెద్దాయన వైపే చూసింది. ఆయన ముందుకు వంగి, ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. దీపాలు వెలగగానే లేచి నిలబడ్డాడు. ఎడిటరమ్మ వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

"క్షమించమ్మా. నా తమ్ముడు ఇంతవాడని నాకే తెలీలేదు."

హీరో నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. "బాగా చేశానా అన్నయ్యా?"

పెద్దాయన రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేశాడు. అరవై దాటిన మనిషి ఊపిరి. మొదటిసారి సగంలోనే ఆగిపోయింది. రెండోసారి ఖాళీ హాలు మారుమోగింది.