ఇరవై తొమ్మిది తొంభై రెండు

జహనుమాలోని పంక్చర్ షాపు ముందు కేశవ్ స్కూటర్ ఆపాడు.

"అన్నా, గాలి ఎంత?"

"ముప్పై," అన్నాడు విఠల్‌రావు.

కోడ్ సరిపోయింది. ట్యూబుల వెనక తలుపు తెరుచుకుంది. లుంగీ కట్టి టైర్లు విప్పే ఈ మనిషి గూఢచారి విభాగానికి చీఫ్ అని ఆ గల్లీలో ఎవరికీ తెలియదు.

బ్రీఫింగ్ క్లుప్తం. చాంద్రాయణగుట్ట వైపు ఓ ల్యాబ్ నుంచి క్షిపణి గైడెన్స్ చిప్ మాయమైంది. విదేశీ ముఠా ఈ సాయంత్రమే దాన్ని చిన్న ప్రైవేట్ విమానంలో దాటించబోతోంది. పైలట్ అమెరికాలో ఫ్లయింగ్ నేర్చి, ఇక్కడే నేర్చినట్టు దొంగ రికార్డు పుట్టించిన మనిషి.

"అనుమానం స్ఫూర్తి మీద," అన్నాడు విఠల్‌రావు, కేశవ్ మొహం చూడకుండా.

స్ఫూర్తి వాళ్ల విభాగం ఏజెంటే, పైలట్. కేశవ్‌కి అంతకంటే చాలా ఎక్కువ. ఆమె కోసం కొన్న వాచీ అతని జేబులోనే ఉంది. ఎత్తు చూపించే పైలట్ వాచీ. పెళ్లి మాట దాంతోనే ఎత్తుదామనుకున్నాడు. ఆమె నాగపూర్‌లో నేర్చిందనీ, దేశం దాటనే లేదనీ వాదించి, జేబులోంచి వాచీ డబ్బా తీసి చూపించాడు కూడా. విఠల్‌రావు వాచీని అటూ ఇటూ తిప్పి, పరీక్షకి ఇది చాలన్నాడు. ఎత్తు చూపాలంటే ముందు గాలి పీడనం సెట్ చెయ్యాలి, వాచీలో రెండు కొలతలూ ఉంటాయి. ఇక్కడ నేర్చినవాళ్ల చెయ్యి హెక్టోపాస్కల్స్‌లో 1013 మీదికి పోతుంది. అమెరికాలో నేర్చినవాళ్లది పాదరసం అంగుళాల్లో 29.92 మీదికి. గాలి ఒకటే, లెక్క వేరు.

ఫలక్‌నుమా స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్లోకి స్ఫూర్తి అడుగు పెట్టగానే టీ తాగేవాళ్లు కప్పులు మరిచిపోయారు. నల్ల కళ్లద్దాలు, ఎర్ర స్కార్ఫ్, చేతిలో పైలట్ హెడ్‌సెట్. కేశవ్‌కి పోయిన నెల ఆమె అన్న మాట గుర్తొచ్చింది. "ఓ రోజు చీకటి పడ్డంక, ఎవ్వరికీ చెప్పకుంట నిన్ను పైకి తీస్కపోత. లైట్లల్ల చార్మినార్ చూద్దాం."

అమెరికాలో ప్రైవేట్ పైలట్ రాత్రిపూట ఎగరొచ్చు. చాలాచోట్ల ఫ్లైట్ ప్లాన్ కూడా ఇవ్వక్కర్లేదు. ఇక్కడ చిన్న విమానం పొద్దుగూకితే దిగాల్సిందే. పట్టపగలు ఎగరాలన్నా ప్లాన్ ఇవ్వాలి, రక్షణ శాఖ క్లియరెన్స్ నంబర్ తీసుకోవాలి. నాగపూర్‌లో నేర్చినవాళ్లు ఆ మాట సరదాకైనా అనరు. పిచ్చి సన్నాసి, సరసమనుకుని మురిసిపోయాడు. ప్రేమ గుడ్డిదంటారు గానీ చెవిటిది కూడా.

గిఫ్ట్ అంటూ వాచీ ఆమె ముందు పెట్టాడు. వెయ్యి పదమూడు తల్లీ, వెయ్యి పదమూడు అని మైసమ్మకి మొక్కుకున్నాడు. స్ఫూర్తి ఉస్మానియా బిస్కెట్ కొరుకుతూ ఏదో చెబుతూనే ఉంది. బొటనవేలు దాని పని అది చేసుకుపోయింది. 29.92 దగ్గర ఆగింది.

"మస్తుంది," అంటూ చేతికి పెట్టుకుంది. "ఏంది, గట్ల చూస్తున్నవ్?"

"ఏం లేదు."

టైమైందని ఆమె లేచింది. బయట క్యాబ్ ఇంజిన్ ఆన్‌లోనే ఉంది. కేశవ్ పంపాల్సింది ఒక్క మెసేజ్. వేలు కదల్లేదు. ఆమె ఎక్కింది, డోర్ పడింది, డ్రైవర్ గేర్ వేశాడు. అప్పుడు పంపాడు: గాలి తియ్.

వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చున్న విఠల్‌రావు టైర్‌లోకి మేకు దించాడు. క్యాబ్ నాలుగడుగులు కుంటి కూలబడింది. మఫ్టీలో ఉన్నవాళ్లు చుట్టుముట్టారు. హెడ్‌సెట్ చెవి దిండు కోస్తే దూదిలో చిప్ దొరికింది.

"ఎట్ల తెలిసింది?" అడిగింది స్ఫూర్తి.

"వాచీ."

ఆమె మణికట్టు వైపు చూసుకుంది. అంకె చూసి కళ్లు మూసుకుంది.

"గిఫ్ట్ అన్నవ్ గదా."

"పొద్దుగాల దాంక గిఫ్టే. మన పెండ్లి మాట అడగనీకి కొన్న."

ఆమె ఏడ్చింది. అది నిజమో, ట్రైనింగో తేల్చుకోలేక కేశవ్ గుండె పగిలింది. జీపు కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు.

మిషన్ ముగిశాక కోడ్ చీఫ్ అడగాలి, ఏజెంటు ముప్పై అనాలి. అదీ రూలు. విఠల్‌రావు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"గాలి ఎంత, కేశవ్?"

సర్వీసు మొత్తంలో కేశవ్ కోడ్ తప్పు చెప్పింది ఆ ఒక్కసారే.

"మొత్తం పోయిందన్నా."