వాసన లేని సీసా

విజయవాడ బస్సు ఉదయం తొమ్మిదీ పదికి తిరువూరు స్టాండులో ఆగింది. అందరూ దిగారు. ఆరో వరుసలో కిటికీ పక్కన ఒక్కడు మిగిలాడు.

"బాబూ, తిరువూరు. దిగండి," అంటూ కండక్టరు భుజం తట్టాడు. ఆ మనిషి పక్కకు ఒరిగిపోయాడు.

మెడ మీద సూది గుచ్చిన ఎర్రటి చుక్క. అతని పేరు అఖిల్. కేంద్ర నిఘా విభాగం ఏజెంటు. ఫోన్లో పంపని మెసేజి ఒకటి మిగిలింది: "ఈరోజు సాయంత్రం నాలుగు. తల్లి ట్యాంకు. మనవాళ్లలోనే ఒకరు..."

పదిన్నరకు ఏజెంట్ వంశీకృష్ణ ఇయర్‌పీసులో చీఫ్ సోమయాజులు గొంతు పలికింది.

"కోడ్?"

"గోలీ."

"జిల్లో ఎప్పుడైనా తాగావా?"

"తాగనిదెవరు సార్?"

"విను. 1961లో వీరరాఘవయ్య అనే ఆయన తిరువూరు బస్టాండులో గోలీసోడా బండి పెట్టాడు. అల్లం, మామిడి కలిపి ఒక సారం కాచాడు. అదే జిల్లో. ఇవాళ ఇరవై మూడు దేశాల్లో సీసాలకు నింపుతున్నారు. నీళ్లు, చక్కెర, గ్యాసు ఎవరి దేశానివి వాళ్లవే. సారం మాత్రం తిరువూరు ప్లాంటులోనే, ఒకే ట్యాంకులో. దాన్నే తల్లి ట్యాంకంటారు. నాలుగింటికి పంపు ఆఖరి మిశ్రమాన్ని ఆ ట్యాంకులోకి ఎక్కిస్తుంది. అక్కణ్ణుంచి డ్రమ్ముల్లో పోర్టుకు."

"అందులో ఏం కలుపుతారు?"

"విషం. రంగు, రుచి, వాసన లేవు. మూడు రోజుల్లో కిడ్నీలు పోతాయి. కోబాల్ట్ అనే విదేశీ ముఠా దాన్ని అమ్మకానికి పెట్టింది. కొనేవాళ్లకు ముందుగా చూపించే శాంపిల్ ఇది."

"ప్లాంటు ఆపించండి."

"ఆపితే విషంతో సహా మాయమవుతారు. రేపు ఏ ఊరి మంచినీళ్లలోనో కలుపుతారు. విషం మన చేతికి రావాలి. లోపల సుధామయి ఉంది. పైకి కంపెనీ ఆడిటర్. కోబాల్ట్‌లో మనం పెట్టిన మనిషి. అఖిల్ బయల్దేరింది కూడా ఆమెను కలవడానికే. ఆమె సాయం తీసుకో."

"అఖిల్‌కు పెళ్లై ఏడాది కాలేదు సార్."

"తెలుసు. పని చూడు."

పదకొండున్నరకు వంశీకృష్ణ ఖాళీ సీసాల క్రేట్లు దించే కూలీగా ప్లాంటులో చేరాడు. పేరు ఏడుకొండలు. ఖాకీ నిక్కరు, తలకు తువ్వాలు. చేతికున్న పాత గడియారం నిజానికి కెమికల్ డిటెక్టర్.

మధ్యాహ్నం సుధామయి వచ్చింది. తెల్ల సిల్కు చీర, నల్ల కళ్లద్దాలు, పదడుగుల దూరం నుంచే తెలిసే సెంటు. కూలీలు పని ఆపి చూశారు. ఆమె అతని పక్కన ఆగి, చేతిలోని కాగితాలు తిప్పుతూ అంది.

"గోలీ. విషం ఇంకా లోపలికి రాలేదు. గేటు దగ్గర నా బ్యాగు కూడా ఎక్స్‌రేలో పెట్టారు. నువ్వు గేటు వదలకు."

అతను వదల్లేదు. ఒంటిగంట, రెండు, మూడు. ప్రతి బ్యాగూ, ప్రతి టిఫిన్ క్యారియరూ చూశాడు. గడియారం ఒక్కసారీ మోగలేదు.

మూడూ యాభై ఐదు.

"ఒరే ఏడుకొండలూ! ఇట్రా!"

పిలిచింది రావమ్మ. ఖాళీ సీసాలు కడిగే మెషిన్‌లోకి వెళ్లే ముందు ప్రతి సీసా మూతినీ వాసన చూడటం ఆమె పని. గంపలగూడెం, విస్సన్నపేట పల్లెల్లో ఖాళీ సీసా దొరికితే కిరోసిన్ పోసుకుంటారు. పత్తికి కొట్టే పురుగుమందు పోసుకుంటారు. తర్వాత కొట్టువాడికి తిరిగిచ్చేస్తారు. వాటిని పట్టుకోవడానికే రావమ్మ.

"ఈ క్రేటు దించింది నువ్వేగా? ఈ సీసా ఎక్కడిది?"

"గంపలగూడెం లోడు. ఏం, మందు వాసనా?"

"ఏ వాసనా లేదు."

"మంచిదేగా!"

"ఏం మంచిదిరా, నీ మొహం! ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నా. పాచిపోయిన జిల్లో వాసనో, బీడీ వాసనో, ఏదో ఒకటి ఉంటది. ఇది చూడు, పురిటి గదిలో గిన్నెలా కడిగారు. ఖాళీ సీసా కడిగి పంపే మహారాజు ఈ చుట్టుపక్కల ఎవడున్నాడు?"

వంశీకృష్ణ సీసా అందుకున్నాడు.

"లోపల కాదు, పైన చూడు," అంది రావమ్మ. "ఆ ఆడిటర్ మేడం సెంటు. మన సీసాలతో ఆవిడకేం పని?"

అతనికి అర్థమైంది. గేటులో బ్యాగులు చూశారు. ఖాళీల లారీని ఎవరూ చూడలేదు. విషం ఈ సీసాలోనే వచ్చింది. దాన్ని ఆమె ఒంపుకుంది. క్రేటులో సీసా తగ్గితే అడుగుతారని కడిగి మళ్లీ పెట్టింది. అఖిల్ ఆ బస్సులో వస్తున్న సంగతి కూడా ఆమెకే తెలుసు.

సీసా చేతిలోనే ఉంది. పరిగెత్తాడు.

మూడూ యాభై తొమ్మిది. మిశ్రమం గది తలుపు ఒక్క తన్నుకు తెరుచుకుంది. సుధామయి చిన్న స్టీలు ఫ్లాస్కును మిశ్రమం పాత్రలోకి వంచుతోంది. సగం అప్పటికే పడింది.

"గేటు వదలద్దన్నానుగా."

"అఖిల్ నిన్ను నమ్మాడు."

"నమ్మేవాళ్లు తొందరగా పోతారు వంశీ."

లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల సూది. మెడ మీదికి వచ్చిన ఆ చేతిని అతను సీసాతో కొట్టాడు. సీసా పగిలింది, మణికట్టు విరిగింది. ఫ్లాస్కు లాక్కుని మూత బిగించాడు.

ప్యానెల్ మీద ఎర్ర అంకెలు. ఆరు. ఐదు. ఆపే బటన్‌కు ఆమె పాస్‌వర్డ్ పెట్టింది. పాత్ర నుంచి ట్యాంకుకు వెళ్లే గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని గోడకు కాలు తన్నిపెట్టి లాగాడు. రాలేదు. రెండు. మళ్లీ లాగాడు. ఊడింది.

పంపు మోగింది. విషం కలిసిన మిశ్రమం నేల మీద చిమ్మింది. ట్యాంకులో ఒక్క చుక్క పడలేదు.

ఐదింటికి, సుధామయిని జీపు ఎక్కించాక, సోమయాజులు ఫోన్ చేశాడు.

"అఖిల్ ఇంటికి నువ్వే వెళ్లి చెప్పాలి."

"వెళ్తాను సార్."

"ఇంకొకటి. మీ గడియారాలేవీ పట్టలేని విషాన్ని తిరువూరులో ఏదో పట్టిందటగా. అలాంటివి ఢిల్లీకి ఇరవై కావాలట."

"ఒక్కటే ఉంది సార్. వచ్చే మార్చిలో రిటైరవుతోంది."